నా ఎంగిలి పట్టింపు, సూప్ డంప్లింగులు

నాకు ఎంగిలి పట్టింపు ఎక్కువ. ఎంత ఎక్కువంటే, అరటిపండు కూడా కొరికి తినను, ముక్కలు తుంచుకుని నోట్లో వేసుకుంటాను. నీళ్ల బాటిల్ మూతికి తగలనివ్వను. ఆఫీసులో ఒకసారి తలెత్తి అలా నీళ్లు పోసుకుంటుంటే మా మేనేజర్ నడుస్తున్నవాడల్లా ఆగి, సర్కస్ చూసినట్టు చూశాడు. ఉప్పు చూసిన గరిటెను మా ఆయన మళ్లీ కూరగిన్నెలో పెట్టాడంటే ఆ పూట ఇంట్లో యుద్ధమే. ఇది శుభ్రత కోసమా, మడి కోసమా అంటే నాకే తెలియదు. దేవుణ్ణి అంతగా నమ్మను, సూక్ష్మజీవుల గురించి చదువుకోనూ లేదు. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టేసింది, అంతే.

ఇలాంటి మనిషికి అమెరికాలో పెద్ద గండం పుట్టినరోజు కేకు. పిల్లాడు బుగ్గలు పూరించి కొవ్వొత్తుల మీద ఊదుతాడు. ఆ తుంపరలన్నీ ఎక్కడ పడతాయో ఎవరూ ఆలోచించరు, చప్పట్లు కొడతారు. మేము నోవై అనే ఊళ్లో ఉన్నప్పుడు ఒక పార్టీలో మా అమ్మాయి చేతిలోంచి కేకు ముక్క లాగేసి, "ఎంగిలిది, వద్దు" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. వచ్చినవాళ్లంతా తెలుగువాళ్లే కావడంతో అందరికీ బ్రహ్మాండంగా అర్థమైంది. పుట్టినరోజు పిల్లాడు ఏడ్చాడు. వాళ్లమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆ పిల్లాడు మా అమ్మాయితో ఆడుకోవడం మానేశాడు.

తరవాత మా ఆయనకు కొత్త ఉద్యోగం వచ్చి రెడ్‌మండ్ మారాం. మా అమ్మాయికి ఏడేళ్లు. కొత్త స్కూల్లో రెండు నెలల పాటు లంచ్ ఒక్కతే కూర్చుని తింది. రోజూ సాయంత్రం కారెక్కగానే, "ఈ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారమ్మా?" అని అడిగేదాన్ని. "నోబడీ" అనేది. కొన్నాళ్లకు అడగడానికే భయం వేసింది. మూడో నెలలో ఒక తైవాన్ పిల్ల వచ్చి దాని పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం ఇల్లు చేరేదాకా అది నోరు మూయలేదు. నేను మాత్రం ఇంటికెళ్లి బాత్‌రూమ్‌లో కాసేపు ఏడ్చాను.

ఇంకో నెలకు ఆ పిల్ల వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది, శనివారం మధ్యాహ్నం అందరం కలిసి సూప్ డంప్లింగులు తిందామని. ఊరూరా బ్రాంచీలున్న తైవాన్ హోటల్ అది. కారులో వెళ్తుంటే మా అమ్మాయి వెనక సీట్లోంచి మొదలుపెట్టింది.

"అమ్మా, టుడే ఎంగిలి అనకు. ఓకే?"

"అననులేవే."

"ఫేస్ కూడా పెట్టకు."

"ఏం ఫేస్?"

"దట్ ఫేస్."

డ్రైవ్ చేస్తున్న మా ఆయనకు సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది. నేను మాటిచ్చాను. మా పిల్లకు ఈ ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క స్నేహితురాలు. ఆ స్నేహాన్ని కూడా నేనే చెడగొడితే నన్ను నేను క్షమించుకోలేను.

హోటల్ ముందు గంట సేపు నిలబడ్డాం. అద్దాల వెనక తెల్ల టోపీలు పెట్టుకున్న వంటవాళ్లు పిండిబిళ్లలో మాంసం ముద్ద పెట్టి, అంచులు చకచకా కుచ్చిళ్లలా మడిచి మూసేస్తున్నారు. "మన కజ్జికాయల్లా లేవూ?" అన్నాడు మా ఆయన. ఆయనకు ప్రపంచంలో ఏం చూసినా మన తిండే గుర్తొస్తుంది. ఆ పిల్ల, వాళ్లమ్మ, తైవాన్ నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మ మాతో పాటు నిలబడ్డారు. పిల్లలిద్దరూ అద్దానికి ముక్కులు ఆనించి ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. ఆ అద్దానికి ఎన్ని ముక్కులు ఆనాయో అని లెక్క వేయబోయి, మాట గుర్తొచ్చి ఆపేశాను.

మేం పంది మాంసం తినమని అందరికీ చికెన్‌వే తెప్పించారు. వెదురు బుట్టల్లో పొగలు కక్కుతూ వచ్చాయి. ఇక్కడే నాకు మొదటి చిక్కు. బుట్టలు అందరికీ ఉమ్మడి, చాప్‌స్టిక్స్ ఆరు జతలు. ఒక్కసారి అవి నోళ్లలోకి వెళ్లొచ్చి మళ్లీ బుట్టలో దిగాయంటే ఇక నేను తినలేను. అందుకని ఎవరూ మొదలుపెట్టకముందే గబగబా నాలుగు నా పళ్లెంలో వేసుకున్నాను. అమ్మమ్మ నా వంక జాలిగా చూసింది. పాపం ఎన్నాళ్లయిందో తిని, అనుకున్నట్టుంది.

ఎలా తినాలో ఆ పిల్ల వాళ్లమ్మ చూపించింది. డంప్లింగ్‌ను చెంచాలో పెట్టుకోవాలి, పక్కన చిన్నగా కొరకాలి, లోపలున్న సూప్ జుర్రుకోవాలి, తరవాత మిగిలింది తినాలి. కొరికి, మళ్లీ చెంచాలో పెట్టి, మళ్లీ నోట్లో పెట్టుకోవడం! అరటిపండే కొరకని దాన్ని, ఇదెక్కడ కొరుకుతాను? లడ్డూలా మొత్తంగా నోట్లో వేసుకున్నాను.

లోపల మరిగే సూప్ ఒక్కసారిగా పేలింది. మింగలేను, ఉమ్మలేను. కళ్లల్లోంచి నీళ్లు ధారకట్టాయి. మా ఆయన మంచినీళ్లు అందించాడు. నేను గ్లాసు ఎత్తి పోసుకోబోయి సగం జాకెట్ మీద పోసుకున్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. బుట్టలోంచి ఒక డంప్లింగ్ తీసి, పక్కన చిన్నగా కొరికి, పొగ పోయేలా ఉఫ్ ఉఫ్ అని ఊది, తీసుకొచ్చి నా చెంచాలో పెట్టింది. అంతసేపూ మనవరాలికి అలాగే పెడుతోంది, అదే చేత్తో నాకూ పెట్టేసింది.

ఆ పిల్ల వాళ్లమ్మ కంగారుగా వాళ్ల భాషలో ఏదో అంది. బహుశా, పెద్దవాళ్లకు అలా పెడతారా అని. నేను ఒక్క మాట కూడా అనలేదు. కానీ నా ముఖం ఏం చేసిందో నాకు తెలియదు. నా కూతురికి తెలిసింది. చటుక్కున చెయ్యి చాపి, నా చెంచాలోంచి ఆ డంప్లింగ్ తీసుకుని నోట్లో వేసేసుకుంది.

"మై మామ్ ఈజ్ సో ఫుల్" అంది నోటి నిండా పెట్టుకుని. "షీ ఏట్ ఎ హ్యూజ్ బ్రేక్‌ఫాస్ట్."

పొద్దున నేను కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. నాకు తల తీసేసినట్టయింది. ఈ పిల్లకు ఇంకా షూ లేసులు కట్టుకోవడం రాదు. నా కోసం అబద్ధమాడటం మాత్రం వచ్చేసింది, అదీ ఏ మాత్రం తడుముకోకుండా. ఇలా ఇంకా ఎక్కడెక్కడ, ఎవరెవరి దగ్గర నన్ను కాచుకుంటూ వచ్చిందో.

నేను ఖాళీ చెంచాను అమ్మమ్మ ముందుకు చాపాను. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, నాకు చైనీస్ రాదు. "ఇంకొకటి పెట్టండమ్మా" అని తెలుగులోనే అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. మళ్లీ కొరికింది, మళ్లీ ఊదింది, పెట్టింది. కళ్లు మూసుకుని తిన్నాను. నిజం చెప్పాలంటే మొదటిసారి నమిలేదాకా ప్రాణం విలవిల్లాడింది. ఆ తరవాత అల్లం, నువ్వుల నూనె, గోరువెచ్చటి సూప్. బావుంది. మా ఆయన చాప్‌స్టిక్స్ గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పదకొండేళ్ల కాపురంలో ఆయనకు దక్కని భాగ్యం అది. అమ్మమ్మ ఇక ఆగలేదు, వద్దంటున్నా కొసరి కొసరి ఇంకో రెండు పెట్టింది.

కాసేపటికి నా చెంచాలో మరొకటి పడింది. ఈసారి పెట్టింది అమ్మమ్మ కాదు, నా కూతురు. దాని మీద చిన్న చిన్న పళ్ల గుర్తులున్నాయి. పెట్టేసి, నా వైపు చూడకుండా, పక్క పిల్లతో మహా ముఖ్యమైన విషయం ఏదో మాట్లాడుతోంది.

ఈ ఏడేళ్లలో అది తను తినేదాంట్లోంచి నాకు ఒక్క ముద్ద పెట్టలేదు. వద్దంటానని తెలిసే పెట్టలేదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. చెంచా ఎత్తి నోట్లో పెట్టుకున్నాను. లోపల సూప్ చుక్క లేదు. మొత్తం అదే తాగేసింది.