ఆర్పకూడని దీపాలు

ఆ శుక్రవారం సాయంత్రం బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్తుంటే, పై వాటాలో అద్దెకుండే తాతగారి కిటికీ తెర వెనుక మంట కదిలింది. నిప్పంటుకుందనుకున్నాను. కింద నా పిల్లలు టీవీ చూస్తున్నారు.

తలుపు తోసి చూస్తే రెండు కొవ్వొత్తులు, వాటి ముందు అరచేతులతో కళ్ళు మూసుకుని ఆయన. గుంటూరు వైపు తెలుగు యూదుడు, ఒకప్పుడు ఓడల్లో వంటమనిషి. ఇప్పుడు ఆయన లేరు. ఆ అరచేతులు మాత్రం నాకు ఇంకా కనిపిస్తాయి.

"తెర అంటుకుంటే ఏందండీ? జెర ఆర్పెయ్యండి."

"విశ్రాంతి దినపు దీపం, అమ్మాయ్. వెలిగించాక ఆర్పకూడదు. దానంతట అదే కొండెక్కాలి."

ఒకసారి సముద్రపు దొంగలు ఆయన ఓడను పట్టుకుని నెలల తరబడి బందీలుగా ఉంచారట.

"అగ్గిపుల్ల కూడా ఇవ్వలేదు. ఏ వారమో తెలీదు. ఆరు రోజులు లెక్కబెట్టుకుని ఏడోది విశ్రాంతి దినం అనుకునేవాణ్ణి. ఇట్టా కళ్ళు మూసుకుంటే దీపం ఉన్నట్టే. ఏడుస్తున్నాననుకుని కావలివాళ్ళు నవ్వేవాళ్ళు."

నేను తెర ముడేసి, కొవ్వొత్తులు కొండెక్కేదాకా అక్కడే కూర్చున్నాను.

పొద్దున పిల్లలు అడిగారు. "నిన్న ఎటు పోయినవ్ మమ్మీ?"

"తాత దగ్గర కావలి ఉన్న," అన్నాను. "ఆయన దీపాలు ఎవ్వరూ ఆర్పకుండా."