ల్యాప్స్ అయిన మధ్యాహ్నం

తెలివితక్కువతనానికి వయసు అడ్డురాదని నా విషయంలో ఎప్పుడో రుజువైంది. పోయిన వారం బళ్లారి సత్యనారాయణపేటలో మా ఇంటి వరండాలో వాలుకుర్చీలో ఉండగా మనవరాలు ఎదురుగా ఫోను నిలబెట్టి, "సుమ్నే కూర్చో తాతా, కదలొద్దు, నీకు టైమ్ ల్యాప్స్ చేస్తా" అనేసరికి నేను దేవుణ్ణి తలుచుకున్నాను. నవ్వకండి. కంతు కట్టకపోతే పాలసీ ల్యాప్స్ అవుతుందని తప్ప మన ఈడువాళ్లకు ఆ మాట ఇంకెక్కడ పరిచయం? టైమే ల్యాప్స్ అయితే ఇక మిగిలేదేముంది?

ఆ మాటంటే నాకు చిన్నప్పటి భయం. మేము కెంచనగుడ్డలో ఉన్న రోజుల్లో పాలసీలు కట్టించే మా మేనమామ బళ్లారి బస్సు దిగాడంటే నాకు మిఠాయి, మా నాయనకు ఉపన్యాసం తప్పేవి కావు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం మిఠాయి సంగతే ఎత్తకుండా, పొలంగట్టు మీద నిలబడి, "మీ నాయనది టైము దాటి ల్యాప్స్ అయిపాయ బావా!" అన్నాడు. మా నాయన అయ్యో అని తల పట్టుకున్నాడు. ఇంగ్లీషు రాకపోయినా అయ్యోకు అర్థం తెలిసిన వయసు నాది; ఇంటికి పరుగెత్తాను.

అరుగు మీద మంచంలో జేజినాయన, అంటే మా నాయనకు నాయన, నోరు తెరుచుకుని కదలకుండా పడుకుని ఉన్నాడు. ముట్టుకోలేక, పిలవలేక, మంచంకోడు పక్కన కూర్చుని ఆయన రొమ్మునే చూస్తూ ఉండిపోయాను. లేచినట్టే ఉండేది, లేవనట్టే ఉండేది. ఏటి ఒడ్డున నీళ్ల మోటారు గుంయ్‌మని ఒకటే మోత. ఎండ ఆయన పాదాల మీదికెక్కి, మోకాళ్లు దాటి, మెల్లగా పైకి పాకుతుంటే, అది ముఖం చేరేసరికి అంతా అయిపోతుందనుకున్నాను. చేరింది. జేజినాయన తుమ్మాడు.

"ఏందిరా, కావిలి కాస్తాండావా? నేను యాడికి పోతా?"

వెక్కుతూ సంగతి చెబితే, "ల్యాప్స్ అయింది పాలసీరా పిచ్చోడా, నేను గాదు!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఈ కథంతా విని మనవరాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గంటలను నిమిషంలోకి కుదించే అటువంటి సినిమాలే కొన్ని చూపించింది. మాటల్లేవు, మనుషులూ లేనట్టే. మబ్బులు పాలపొంగులా పొంగుతాయి. ఊపిరి పీల్చేలోగా పువ్వు విచ్చి, వదిలేలోగా వాడిపోతుంది. వెనక ఏదో కరెంటు సంగీతం, అచ్చం ఆనాటి మోటారు మోతే! భయమేసింది, కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆఖరున వరండాలో నన్ను తీసింది పెట్టింది. నేను కునికాను, మా ఆవిడ పిచ్చుకలా వచ్చి మాయమైంది, నేను మంచినీళ్లకు లేచాను. ఇక తెర మీద ఖాళీ కుర్చీ, దాని మీదికి పాకే ఎండ. ఆ కుర్చీని చూడగానే మళ్లీ మంచంకోడు పక్కన కూర్చున్నట్టయింది. ఆ రోజుల్లో మధ్యాహ్నమంటే మధ్యాహ్నమంత ఉండేది; ఒక మనిషి పోతాడేమోనని భయపడడానికి కూడా తీరిక దొరికేది. ఇప్పుడు భయం పూర్తయ్యేలోగా సినిమా అయిపోతున్నది.

ఈసారి కుర్చీ ఖాళీ కాకూడదని, మరునాడు ఫోను మళ్లీ పెట్టమన్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, దోమ కుట్టినా గోక్కోకుండా కూర్చున్నాను. "కాఫీ సల్లారిపోతాండాది, లేస్తావా లేదా?" అని మా ఆవిడ అరిచినా లేవలేదు. సాయంత్రం చూస్తే, తెర మీద ఎండ పరుగెత్తింది, కాకులు పరుగెత్తాయి, కాఫీ లోటాతో మా ఆవిడ వచ్చీ పోయీ పరుగెత్తింది. కాలం అంత పరుగెత్తినా, నా కాలు మాత్రం కదలలేదు.