ట్యాంకు చూసిపోరా

మా ఎదురింటి అక్క పోయిందని, కృష్ణపట్నంలో డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కుతుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "గుండెపోటంటరా. పొద్దున కూడా నాతో మాట్లాడింది" అంది. బస్సు నిండా మనుషులే. ఆమె నాకెంత కావలసిన మనిషో చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు.

ఇందుకూరుపేట దగ్గర మా ఊళ్ళో అక్క ఆరోగ్య కార్యకర్త. హెచ్ఐవీ గురించి కుర్రకారు గుట్టుగా తెలుసుకునేందుకు ఒక యాప్ వస్తే ఇంటింటికీ తిరిగి చెప్పింది. అప్పట్లో మా ఇంట్లో ఉన్నది నాన్న ఫోను ఒక్కటే. రొయ్యల గుంట దగ్గర అది అందరి చేతుల్లోనూ తిరిగేది. ఇంక గుట్టెక్కడిది?

నాకు పద్దెనిమిది నిండిన ఏడాది, తిరునాళ్ళలో స్నేహితులమంతా ఒకే సూదితో పచ్చబొట్లు వేయించుకున్నాం. సూదితో కూడా ఆ జబ్బు అంటుకుంటుందని మర్నాడు ఎవరో అన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అక్క దగ్గరకు పోయి, కొత్త పచ్చబొట్టు మీద చెయ్యి మూసుకుని నిలబడ్డాను. ఆమె తన ఫోనులో యాప్ తెరిచి నా చేతిలో పెట్టింది.

"అడగాల్సింది దాన్ని అడుగు. నేనటు తిరిగి చేపలు కడుక్కుంటా. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే గమ్మున పో."

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళమని యాప్ చెప్పింది. అది చదివి భోరుమన్నాను. అక్క ఒక్క తిట్టూ తిట్టకుండా ఆ పూటే నన్ను నెల్లూరు తీసుకుపోయింది. "భయపడినోడికి ముందు అన్నం పెట్టాల, బుద్ధులు తర్వాత" అనేది ఎప్పుడూ. ఆ బుద్ధులు మాత్రం నాకు చెప్పనేలేదు.

జబ్బు అంటుకోకుండా నెలపాటు వేసుకోమని మాత్రలిచ్చారు. అవి అక్క బియ్యం డబ్బాలో ఉండేవి. రోజూ సాయంత్రం మాత్ర గుర్తుచేస్తూ ఆమె ఫోన్ మోగేది. వెంటనే వీధి అదిరేలా కేక: "అబ్బయా, మా ట్యాంకులో నీళ్ళుండాయో లేదో చూసిపోరా!"

"దాని ట్యాంకుకి నువ్వేమన్నా కాపలావా?" అని అమ్మ సణిగేది.

చివరి పరీక్షలో కూడా జబ్బు లేదని తేలింది. "ఏం లేదులే, ఏడవబాక" అంటూ అక్క కూడా కళ్ళొత్తుకుంది. మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

అక్కను సాగనంపే రోజు, పప్పు ఏరిపెట్టమని ఆమె పిలిచే పక్కవీధి అమ్మాయి గోడవారగా వెక్కివెక్కి ఏడుస్తోంది. గ్యాస్ బండ మార్చమని పిలిపించుకునే కుర్రాడు తలెత్తడం లేదు. అప్పుడు తట్టింది నాకు. ఒంటరి మనిషికి అన్ని పనులెక్కడివి? ఒకరి గుట్టు ఇంకొకరికి తెలియనివ్వలేదు, మహాతల్లి.

ఆ అమ్మాయి నావైపు చూసింది. దగ్గరకెళ్ళి ఒక్క మాట మాట్లాడాలనిపించింది. ఏమని అడగను? ఇద్దరం చూపులు తిప్పుకుని, ఎవరి ఏడుపు వాళ్ళం ఏడ్చాం.