అచ్చంపేట దగ్గర ఒక గూనపెంకుల బంగ్లా

పాత ఇళ్ల గురించి పుస్తకాల్లో చదవడమే తప్ప, చూద్దామని ఒంటరిగా ఎక్కడికీ వెళ్లినదాన్ని కాదు. ఈ వేసవిలో నా స్నేహితురాలు శ్రావణి వాళ్ల పెద్దమ్మ ఇంటి ఫొటో పంపింది. వాలు కప్పు, మూడు వైపులా వరండా, లావుపాటి రాతి గోడలు. కింద ఒక్క వాక్యం: "సోమవారం మేస్త్రీ వచ్చి ముందు వరండా కూల్చేస్తాడు, స్లాబు వేస్తారట." ఆఖరిసారైనా చూడాలని శనివారం పొద్దున్నే నల్లగొండలో మా హాస్టల్ నుంచి బయలుదేరి బస్సెక్కాను.

దేవరకొండలో బస్సు మారి, డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి పదకొండు దాటింది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపించాను కాబట్టి టికెట్టు ఖర్చు లేదు. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. "పాత బంగ్లా దగ్గర ఆపండి" అన్నాను. డ్రైవరు గులాబీ రంగు రెండంతస్తుల ఇంటి ముందు దించాడు. కొత్త సిమెంటు వాసన ఇంకా పోలేదు.

"ఇది కాదండీ."

"ఊర్లె బంగ్లా అంటే గిదొక్కటే అక్కా. పాతది గావాల్నంటే ఇంకో పదేండ్లు ఆగి రా" అని నవ్వాడు. నేను రోడ్డుకు అవతల ఉన్న ఇంటిని చూపించాను. "గదా? గది గూనపెంకుల ఇల్లు గదా!" అన్నాడు.

వరండాలోంచే పెద్దమ్మ పిలిచింది. "శ్రావణి దోస్తువా బిడ్డా? గింత సన్నగున్నవేంది, మీ హాస్టల్ల తిండి వెట్టరా?" చేతులు కడుక్కునేలోపే జొన్నరొట్టె, చింతచిగురు పప్పు ముందుకొచ్చాయి.

ఆ ఇంటి కథ పెద్దమ్మ భర్త, పెద్దబాపు చెప్పాడు. ఆయన తాత అడవి అంచున, అధికారులు మజిలీ చేసే ముసాఫిర్ బంగ్లాలో వంట చేసేవాడట. దాన్నే చూసి తన జాగాలో చిన్నగా ఈ ఇల్లు కట్టుకున్నాడు. అయితే అచ్చం అలాగే కట్టలేదు. అక్కడ వరండాలో అధికారులకు కుర్చీలుండేవి. ఇక్కడ వరండా పొడవునా ఎవరైనా కూర్చునే బండల అరుగు ఉంది. అక్కడ వంటిల్లు దూరంగా ఉండేది. ఎండలో పళ్లేలు మోసినవాడు కాబట్టి, తన వంటింటిని వెనక వరండాకు ఆనించాడు. ఇలాంటి ఇళ్లు పుస్తకాలకెక్కవు. కానీ పరాయి నమూనాను ఒక వంటమనిషి తన వాళ్లకు సరిపడేలా దిద్దుకున్న తీరు నేను పుస్తకాల్లో చూసిన ఏ కోటలోనూ లేదు.

"మరి దీన్ని బంగ్లా అని ఎందుకనరు?" అని అడిగాను.

"బంగ్లా అంటే మెట్లుండాలె బిడ్డా. మీదికెక్కితే ఊరంత కండ్లవడాలె. గిది ఉత్త పెంకుటిల్లు. వానకు కారుతది గూడ."

"మొదట్లో బంగ్లా అంటే ఒకే అంతస్తు, పెద్దబాపూ. వాలు కప్పు, చుట్టూ వరండా. బెంగాల్ పల్లెటూరి ఇళ్ల నుంచి వచ్చిందట ఆ పేరు." కాన్వెంటులో అలవాటైన మెల్లని గొంతు నాది. అయినా వంటింట్లో ఉన్న పెద్దమ్మకు వినపడింది. పిండిచేతులతోనే వాకిట్లోకి వెళ్లి ఎదురింటివైపు కేకేసింది.

"ఓ వదినా! మీది గాదంట బంగ్లా, మాదేనంట! సదువుకున్న పిల్ల చెప్పవట్టె!"

తర్వాత పెద్దబాపు మీదికి తిరిగింది. "బంగ్లా బంగ్లా అని నా పానం దీస్తివి. ఉన్న బంగ్లా కూలగొట్టి ఇంకో బంగ్లా కడ్తవా?"

"పేరు మారిస్తె కారుడు ఆగుతదా?"

"కారేది ఒక్క మూలకు. పెంకలు కొత్తగ కప్పియ్యి. పెండ్లయి వచ్చినకాడికెల్లి గీ అరుగు మీదనే కూసుంటున్న. ఇది వోతె నేనేడ కూసోవాలె, నీ మెట్ల మీదనా?"

ఆయన రొట్టె ముగించాడు. చేయి కడుక్కుని ఫోన్ తీశాడు. "మేస్త్రీ, సోమారం రా. గని గడ్డపార తేకు. పెంకలు కప్పెటోన్ని తోల్కరా. స్లాబు సంగతి ఎనక జాగల సూద్దాం."

పెద్దమ్మ నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

నాలుగింటి బస్సుకు బయలుదేరేదాకా అరుగు మీదే కూర్చున్నాను. పనులు ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు నేనెవరో అడగకముందే జరిగి జాగా ఇచ్చారు. ఆ ఇల్లు నిలవడానికి కారణం నా మాట కాదు. పెద్దమ్మ ఎప్పటినుంచో చెప్పాలనుకున్న మాటే, అంతే. ఆ పూట అక్కడ ఉండనిచ్చినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. ఈ దారిలో ఇలాంటి ఇళ్లు మీకూ కనిపిస్తాయి. ఫోన్ బయటికి తీసి ఫొటోలు మొదలుపెట్టకండి. అడిగి, కాసేపు అరుగు మీద కూర్చోండి. లోపలికి వాళ్లే పిలుస్తారు.