ఐపీ కాగితంలో అక్క పేరు

మా వైపు ఎవరైనా దివాలా తీస్తే "ఐపీ పెట్టిండు" అంటారు. ఆ మాట అనేటప్పుడు మూతి ఒక పక్కకు తిప్పుతారు. నేనూ అలాగే తిప్పేవాణ్ణి. నాలుగు క్రెడిట్ కార్డుల బిల్లులు సంచిలో వేసుకుని మేడ్చల్‌లో ఒక వకీలు ఎదుట కూర్చున్న రోజు నా మూతి నాకే చూడబుద్ధి కాలేదు.

అప్పు నా ముక్కు వల్ల అయింది. ఇరవై ఏళ్లుగా జవహర్‌నగర్‌లో, పట్నం చెత్తంతా తెచ్చి పోసే కుప్పల పక్కనే ఉంటున్నాం, అలవాటై ఆ కంపు మాకు తెలియదు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల కోసం టిఫిన్ సెంటర్ పెడదామని మా దగ్గర్లోనే ఒక మడిగె చూస్తే కిరాయి సగానికి సగం తక్కువ. ఎందుకు తక్కువని ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. వానలు మొదలై గాలి ఇటు తిరిగాక పిల్లలు ఇడ్లీ తుంచి, ముక్కు మూసుకుని లేచిపోయారు. చట్నీ పాడైందేమోనని నేను మూడుసార్లు నాకి చూశాను.

కిరాయికి ఒక కార్డు గీకాను. దాని బిల్లుకు ఇంకోటి. శామీర్‌పేటలో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో ఏమీ కొనకపోయినా కార్డు గీకి, కమీషన్ పట్టుకుని నోట్లు చేతిలో పెడతారు. అది తెలివి అనుకున్నాను. తర్వాత వసూలు చేసేవాళ్లు నా భార్యకే కాదు, చర్చిలో ఆమెతో పాటలు పాడే ఆడవాళ్లకు కూడా ఫోన్లు చేశారు. ఆ వసూలువాళ్లంటే అసహ్యం. దూలపల్లి దగ్గర నాకున్న వంద గజాల జాగా అమ్మకుండానే అప్పు మాత్రం పోవాలని ఆశపడ్డ నా మీద ఇంకా అసహ్యం.

"పరేషాన్ గాకు. ఐపీ వేస్తె ఫోన్లు బంద్" అన్నాడు వకీలు. "ఎవరెవరికి ఇయ్యాల్నో లిస్టు రాయి."

బ్యాంకుల కింద అక్క పేరు రాశాను. దేవరయాంజాల్‌లో జాకెట్లు కుట్టి కట్టుకుంటున్న చిట్టీని నా కోసం నష్టానికి పాడి, డబ్బు తెచ్చి ఇచ్చింది. వాయిదాలు ఇప్పటికీ తనే కడుతోంది.

"కాయిదం ఉన్నదా?"

"అక్క సార్. అక్కతోని కాయిదం ఏంది?"

"అయితె కోర్టు నమ్మది" అంటూ చేయి చాపాడు. కలం అందించాను. అక్క పేరు మీద గీత గీశాడు. "సుట్టాలల్ల ఎవరినన్న జూడు. నీకు పైసలిచ్చినట్టు పాత తారీఖుతోని ప్రోనోటు రాపిద్దాం. రేపు కోర్టోళ్లు నీ జాగ అమ్మి పంచిర్రనుకో, వాళ్ల వాటా మళ్ల నీ ఇంటికే వస్తది."

ఆ మాట వింటుంటే అసహ్యమేసింది. అంత అసహ్యపడ్డవాణ్ణి ఎక్కడికి పోయాను? వకీలు రాయించిన ప్రోనోటు పట్టుకుని నేరుగా అక్క దగ్గరికే.

అక్క మిషన్ తొక్కుతూనే అంతా వింది. ఒక్క మాట తిట్టలేదు.

"ఈ కాయిదం నా దగ్గర పెట్టుకుంటె నీకు ఫోన్లు ఆగుతయా తమ్మీ?"

"ఆగుతయక్కా."

మిషన్ ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, కాగితం కళ్ల దగ్గర పెట్టుకుని మెల్లగా చదివింది. అందులో తారీఖూ అబద్ధమే, సొమ్మూ అబద్ధమే.

"గివి నేను ఇయ్యని పైసలు గద. ఇచ్చినయి యాడ రాసినవ్?"

ఎత్తిపొడుపుకు అనలేదు. నిజంగానే కాగితం తిప్పి వెనక వైపు వెతుకుతోంది.  కాగితం ఆమె చేతిలోంచి లాక్కుని బయటికి వచ్చేశాను.

ఐపీ వేయలేదు. జాగా వచ్చిన ధరకు అమ్మి ముందు అక్క చిట్టీ కట్టాను. మిగిలింది బ్యాంకులకు చాలలేదు, ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, ఎత్తుతున్నాను. ఎవరైనా అడిగితే ఆ వకీలును నోరారా తిడతాను. ఆ గీతకు కలం అందించింది నేనని మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.