పేరు మడిచిన రెండు కాగితాలు

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, మా ఇంట్లో పోయినవన్నీ ఇప్పటికీ వరుసగా చెప్పగలను. అక్క నాన్నతో మాట్లాడని రోజులు తొమ్మిది. అమ్మ పరధ్యానంలో మాడ్చిన గిన్నెలు రెండు. నాన్న కుదురుగా కూర్చోలేక సగంలో లేచిపోయిన భోజనాలు మాత్రం లెక్కకు అందలేదు.

అక్క డాక్టర్ కావాలనుకుంది. రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. అమెరికాలో, ప్లేనో ఊళ్లోని మా ఇంటి నుంచి రోజూ కారులో వెళ్లి రాగలిగిన కాలేజీలో బయాలజీ చదివితే బి.ఎస్., అంటే మన బి.ఎస్సీ. లాంటిది, ఇస్తారు. అక్క మనసుపడ్డది రెండు రాష్ట్రాల అవతల ఉంది. అక్కడ అదే బయాలజీకి బి.ఏ. ఇస్తారు. మా నాన్న గుంటూరులో చదువుకున్నవాడు. ఆయన దృష్టిలో బి.ఏ. అంటే సైన్సు సీటు రానివాళ్ల చదువు.

"బి.ఏ. చదివి డాక్టరెలా అవుతావే?"

"ఇక్కడ ఏ డిగ్రీ అయినా చేశాకే మెడికల్ స్కూలు డాడీ, ఎన్నిసార్లు చెప్పాలి?"

లెక్కలంటే నాకు పిచ్చి. ఎవరూ అడగకుండానే రెండు చోట్లా సైన్సు కోర్సులు లెక్కపెట్టి, బి.ఎస్.లో నాలుగు ఎక్కువని రాసి నాన్నకిచ్చాను. లెక్క సరైనదే. అక్క ఇంటి దగ్గరే ఉండాలన్న నా కోరికను మాత్రం అందులో రాయలేదు. నాన్న ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించాడు. అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది.

తొమ్మిదో రోజు ఆదివారం. కాలేజీకి జవాబు చెప్పడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. మా తెలుగు చర్చిలోని నర్సు ఆంటీ ఇంటికొచ్చింది. ఆవిడ కొడుకు ముందటేడే మెడికల్ స్కూల్లో చేరాడు. ఆవిడ రెండు కాలేజీల కోర్సుల జాబితాలు తీసుకుని, డిగ్రీ పేరున్న పైభాగం మడిచి బల్ల మీద పెట్టింది.

"బ్రదర్, వీటిలో డాక్టర్ చదువేదో మీరే చెప్పండి."

తర్వాత నా చేతికి పెన్సిలిచ్చి, మెడికల్ స్కూళ్లు అడిగేవి ఒక్కొక్కటీ చదివింది. బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, వాటి ల్యాబులు. నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను. రెండింట్లోనూ అన్నీ ఉన్నాయి. నాన్న చాలాసేపు చూసి ఒకదాని మీద వేలు పెట్టాడు.

"ఇందులో స్పానిష్ కూడా ఉంది. పేషెంట్లతో మాట్లాడొచ్చు."

మడత విప్పితే బి.ఏ.

"మరి ఆ నాలుగు కోర్సులు?" అన్నాడు నాన్న.

"మెడికల్ స్కూళ్లు అడగనివి కూడా చిన్నది కలిపేసింది బ్రదర్," అని ఆంటీ నవ్వింది. వెళ్లేముందు నా చెవిలో, "ఎవరి కోసం లెక్కపెట్టావమ్మా?" అంది. నేను తలదించుకున్నాను. ఆవిడ ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు.

అక్క ఆ బి.ఏ. చదివే డాక్టరయింది. నేను ఏ డిగ్రీ లేకుండా సొంతంగా లెక్కలు నేర్చుకుని, ఒక గోడౌన్‌లో సరుకు లెక్కలు చూస్తున్నాను. ఏ లెక్క మొదలుపెట్టినా, అవతలివాళ్లు అడిగిందేదో నేను కోరుకున్నదేదో ముందు విడదీసుకుంటాను. ఆ కాగితం ఎందుకు రాశానో అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. ఏడాదికోసారి నాన్నను అక్క ఇంటికి తీసుకెళ్లి, ఒక రోజంతా వాళ్లిద్దరినీ మాటలకు వదిలేసి నేను బయట తిరిగొస్తాను. అలా ఆ తొమ్మిదిలో ఆరు రోజులు తీర్చాను. నాన్నకు ఎనభై దాటాయి. ఇంకా మూడు రోజులు బాకీ.