ఒరలో ఇరుక్కున్న కత్తి

ఎనభైల్లో సంగతి. మా బాబుకు జ్వరం తగ్గితే బండి కట్టుకొని భద్రాచలం వస్తామని రాముడికి మొక్కుకున్నాం. దసరా అయిన కొన్నాళ్లకు, ఇల్లందు దగ్గరి మా ఊరి నుంచి బయలుదేరాం. అడవిలో మజిలీల కోసం టార్పాలిన్, లాంతరుతో పాటు కత్తిపీట కూడా పెట్టుకున్నాను.

"అడవికి పోతున్నమా, పెండ్లి వంటకు పోతున్నమా?" అని మావారు నవ్వారు. ఆయన నడుముకు ఖమ్మంలో ఏరికోరి కొన్న వేటకత్తి, కొత్త తోలు ఒరలో వేలాడుతోంది.

మరునాడు పొద్దువాలే వేళకు అందరికీ ఒళ్లు హూనమైంది. వాగు దాటుతుంటే ఒక ఎద్దు బురదలో కూలబడింది. మెడకున్న పలుపుతాడు బిగుసుకొని కళ్లు తేలేసింది. మావారు కత్తి లాగితే రాలేదు. దసరా పూజలో పసుపునీళ్లు చల్లి, తుడవకుండా తడితోనే ఒరలో పెట్టారు. అది తుప్పు పట్టి తోలుకు అతుక్కుపోయింది.

"ఏందే గిట్లయింది! జల్దీ ఏదన్న ఇయ్యి!"

కత్తిపీట అందించాను. వాడిన ప్రతిసారీ తుడిచి ఆముదం రాయడం మా అమ్మ నేర్పిన అలవాటు. వెంటనే తాడు తెగింది. ఎద్దు బుస్సుమని ఊపిరి తీసుకుంది. నేను "రామా" అంటూ గట్టు మీద చతికిలబడ్డాను.

మజిలీ చేరాక ఆయన అన్నం అడగకుండా ముందు కత్తిపీట తుడిచి ఆముదం రాశారు. "వచ్చే దసరాకు పూజ దీనికే. భయపడకు, తుడిచే పెడ్త" అన్నారు.

ఆ ఎద్దే మమ్మల్ని భద్రాచలం చేర్చింది. గుళ్లో రాముడితో పాటు మా అమ్మకూ మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో వంటిల్లు సర్దేసరికి నడుం పట్టేస్తుంది. అయినా కత్తిపీట తడిగా వదిలి పడుకోవడానికి మనసొప్పదు.